అంతర్జాతీయ ఒడంబడిక కమిటీలకు వ్యక్తిగత ఫిర్యాదులు

గత భాగంలో మీరు నివేదికల పద్ధతి గురించి చదివారు. ఒడంబడికలో చేరిన రాజ్యం తన దేశంలోని హక్కుల పరిస్థితిపై కొన్నేళ్లకొకసారి కమిటీకి నివేదిక పంపుతుంది. కమిటీ దానిని పరిశీలించి ప్రశ్నలు వేస్తుంది, సూచనలు చేస్తుంది. ఈ పద్ధతిలో మాట్లాడేది ప్రధానంగా రాజ్యమే. హక్కు కోల్పోయిన మనిషి తన పేరుతో, తన ప్రభుత్వంపైనే, అంతర్జాతీయ కమిటీకి ఫిర్యాదు చేసుకునే పద్ధతి మరొకటి ఉంది. ఈ భాగంలో దానిని పరిశీలిద్దాం.

సంప్రదాయ అంతర్జాతీయ న్యాయంలో రాజ్యాలే కర్తలు. వ్యక్తికి అందులో స్వతంత్రమైన స్థానం లేదు. అతనికి అన్యాయం జరిగితే అతని రాజ్యం మరో రాజ్యంతో మాట్లాడాలి. అన్యాయం చేసినది అతని రాజ్యమే అయితే ఎవరు మాట్లాడాలి? ఈ ప్రశ్నకు దొరికిన సమాధానాలలో వ్యక్తిగత ఫిర్యాదు పద్ధతి ఒకటి.

ముందుగా ఒక తేడా గుర్తుంచుకోండి. పరీక్షా పత్రాలలో తరచుగా పొరపాటు జరిగేది ఇక్కడే. 'మానవ హక్కుల కౌన్సిల్' ఐక్యరాజ్యసమితి సభ్య దేశాల ప్రభుత్వాలతో ఏర్పడిన రాజకీయ సంస్థ. 'మానవ హక్కుల కమిటీ' అలాంటిది కాదు. అది పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక కింద ఏర్పడిన 18 మంది నిపుణుల సంఘం. సభ్యులను ఎన్నుకొనేది రాజ్యాలే అయినా, ఎన్నికైన తరవాత వారు తమ ప్రభుత్వాల ప్రతినిధులుగా కాక వ్యక్తిగత హోదాలో పనిచేస్తారు. మనం మాట్లాడుకుంటున్న ఫిర్యాదులు వెళ్లేది ఈ కమిటీకి, ఇలాంటి ఇతర ఒడంబడిక కమిటీలకు.

రాజ్యం ముందుగా ఒప్పుకోవాలి

పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 1966 డిసెంబర్ 16న ఆమోదించింది. వ్యక్తిగత ఫిర్యాదుల అంశాన్ని ఒడంబడికలో చేర్చడానికి చాలా ప్రభుత్వాలు ఒప్పుకోలేదు. అందువల్ల దానిని విడదీసి, ఇష్టమున్న రాజ్యాలు మాత్రమే చేరేలా ఒక ఐచ్ఛిక ప్రోటోకాల్‌గా అదే రోజు ఆమోదించారు. రెండూ 1976 మార్చి 23 నుంచి అమలులోకి వచ్చాయి. ఈనాడు ఒడంబడికలో 170కి పైగా రాజ్యాలున్నాయి. ప్రోటోకాల్‌లో 110కి పైగా ఉన్నాయి. ఈ రెండు సంఖ్యల మధ్య తేడాలోనే ప్రపంచ జనాభాలో చాలా పెద్ద భాగం ఉంది. చైనా, అమెరికా రెండూ ఒడంబడికపై సంతకం చేసినవే. అమెరికా దానిని ధ్రువీకరించింది కూడా. భారత్ సంతకం దశ లేకుండా నేరుగా ఒడంబడికలో చేరింది. ప్రోటోకాల్‌లో మాత్రం మూడింటిలో ఒక్కటీ లేదు.

ఇతర ఒడంబడికల విషయంలోనూ ఇదే సూత్రం. జాతి వివక్ష నిర్మూలన ఒడంబడికలో 14వ అధికరణ కింద, చిత్రహింసల వ్యతిరేక ఒడంబడికలో 22వ అధికరణ కింద రాజ్యం ప్రత్యేకంగా ప్రకటన చేయాలి. మహిళల పట్ల వివక్ష, వికలాంగుల హక్కులు, బాలల హక్కులు, ఆర్థిక సామాజిక హక్కులు - వీటికి వేర్వేరు ప్రోటోకాళ్లు ఉన్నాయి. వలస కార్మికుల ఒడంబడికలోనూ 77వ అధికరణ రూపంలో ఇలాంటి ఏర్పాటు రాసి ఉంది. కాని దానికి కావలసిన 10 రాజ్యాల ప్రకటనలు రాకపోవడంతో అది ఇంకా కాగితం మీదనే ఉంది.

లవ్‌లేస్ కేసు

పద్ధతి ఎలా నడుస్తుందో నియమాల జాబితా కంటే ఒక కేసు బాగా చెబుతుంది. కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలో టోబిక్ అనే ఆదిమవాసుల రిజర్వు ఉంది. శాండ్రా లవ్‌లేస్ అక్కడ పుట్టిన మాలిసీట్ తెగ స్త్రీ. 1970 మే 23న ఆమె తెగకు చెందని వ్యక్తిని పెళ్లి చేసుకుంది. అప్పటి కెనడా 'ఇండియన్ చట్టం' (ఇక్కడ ఇండియన్ అంటే మన దేశస్థులు కాదు, కెనడా ఆదిమవాసులు) సెక్షన్ 12(1)(బి) ప్రకారం, బయటి పురుషుణ్ణి పెళ్లాడిన ఆదిమవాసి స్త్రీ తన ఇండియన్ హోదా కోల్పోతుంది. దానితో పాటు రిజర్వులో నివసించే హక్కూ పోతుంది. అదే చట్టం కింద ఆదిమవాసి పురుషుడు బయటి స్త్రీని పెళ్లాడితే అతని హోదాకు ఏమీ కాదు. పైగా అతని భార్యకు కూడా ఆ హోదా వస్తుంది. కొంతకాలానికి లవ్‌లేస్‌కు విడాకులయ్యాయి. పుట్టింటికి తిరిగి వచ్చి చూస్తే, చట్టం దృష్టిలో ఆమెకు ఆ ఊళ్లో ఉండే హక్కు లేదు.

ఆమె ఫిర్యాదు తేదీ 1977 డిసెంబర్ 29. కెనడా అంతకు ముందు ఏడాదే, 1976లో, ప్రోటోకాల్‌లో చేరింది. అక్కడే మొదటి చిక్కు ఎదురైంది. ఆమె హోదా పోయింది 1970లో. అప్పటికి ప్రోటోకాల్ అమలులోనే లేదు. రాజ్యం ఒప్పుకోక ముందు జరిగిన ఘటనపై కమిటీ విచారణ చేయజాలదు. కమిటీ దీనికి జాగ్రత్తగా ఒక దారి చూపింది. 1970లో హోదా తీసివేయడం మీద తాను అభిప్రాయం చెప్పబోనని, అయితే ఆ తీసివేత ఫలితాలు 1976 తరవాత కూడా ఆమె రోజువారీ జీవితంలో కొనసాగుతున్నాయి కాబట్టి వాటిని పరిశీలించగలనని తేల్చింది. 'కొనసాగే ఉల్లంఘన' అనే ఈ భావనను తరవాతి కేసులలో ఎన్నోసార్లు ఉపయోగించారు.

రెండో చిక్కు దేశీయ న్యాయస్థానాల గురించి. సాధారణంగా ఫిర్యాదుదారు మొదట తన దేశంలోని పరిష్కార మార్గాలన్నీ ఉపయోగించుకుని రావాలి. లవ్‌లేస్ కోర్టుకు వెళ్లలేదు. కాని ఇదే సెక్షన్ చెల్లుతుందని కెనడా సుప్రీంకోర్టు 1973లో లావెల్ కేసులో అప్పటికే తీర్పు ఇచ్చింది. ఓడిపోతామని ముందే తెలిసిన దావా వేసి రమ్మని కమిటీ పట్టుపట్టదు. 1979 ఆగస్టులో ఫిర్యాదును స్వీకరించదగినదిగా ప్రకటించింది.

కెనడా ప్రభుత్వం ఇచ్చిన వివరణ కూడా చదవదగినది. చట్టంలో మార్పు అవసరమని అది ఒప్పుకుంది. అయితే ఆదిమవాసి తెగలలోనే ఈ విషయంపై ఏకాభిప్రాయం లేదని, వారిని సంప్రదించకుండా మార్చలేమని చెప్పింది. రిజర్వు భూమి బయటి మగవారి చేతిలోకి పోకుండా కాపాడడానికే 19వ శతాబ్దంలో ఈ నిబంధన వచ్చిందని కూడా వివరించింది. ఇది కొట్టిపారేయదగిన వాదన కాదు. అల్పసంఖ్యాక సమూహపు భూమిని కాపాడే చట్టం ఆ సమూహంలోని స్త్రీని బయటికి నెడితే ఏం చేయాలి అన్నది నిజంగానే కష్టమైన ప్రశ్న.

1981 జూలై 30న కమిటీ తన అభిప్రాయాలను ప్రకటించింది. ఆధారం ఒడంబడిక 27వ అధికరణ. తమ సమూహంలోని ఇతరులతో కలిసి తమ సంస్కృతిని అనుభవించే, తమ భాషను వాడుకునే హక్కు అల్పసంఖ్యాకులకు ఈ అధికరణ ఇస్తుంది. మాలిసీట్ సంస్కృతి, భాష సమూహంగా బతికి ఉన్న చోటు ఆమెకు టోబిక్ తప్ప మరొకటి లేదు. అక్కడ ఉండనివ్వకపోవడం సమంజసమనీ, తెగ ఉనికిని నిలుపుకోవడానికి అవసరమనీ అనిపించలేదని కమిటీ చెప్పింది. ఒక సంగతి గమనించండి: స్త్రీ పురుష వివక్ష పేరుతో మొదలైన కేసు చివరకు అల్పసంఖ్యాకుల సంస్కృతి హక్కుగా తేలింది. 1970 నాటి వివక్షపై నేరుగా మాట్లాడలేని కమిటీకి, నేటి నివాస హక్కు గురించి మాట్లాడే దారి అదొక్కటే కనిపించింది. ఒక సభ్యుడు మాత్రం సమానత్వ అధికరణలు కూడా ఉల్లంఘనకు గురయ్యాయని విడిగా రాశారు.

చట్టం మరునాడే మారలేదు. కెనడాలో 1979లోనే టోబిక్ స్త్రీలు పిల్లలతో సహా ఓకా నుంచి ఒట్టావా దాకా సుమారు 100 మైళ్లు నడిచి నిరసన తెలిపారు. 1982లో కెనడా రాజ్యాంగంలో హక్కుల చార్టర్ చేరింది. కమిటీ అభిప్రాయం వెలువడ్డ నాలుగేళ్లకు, 1985లో, సి-31 బిల్లుతో సెక్షన్ 12(1)(బి) పోయింది. ఆ సవరణతో లక్ష మందికి పైగా హోదా పొందారు. అయినా వివక్ష పూర్తిగా తొలగలేదు. స్త్రీ ద్వారా హోదా పొందినవారి సంతానానికి పురుషుని సంతానంతో సమాన హోదా దక్కలేదు. షారన్ మెక్‌ఐవర్ అనే న్యాయవాది, ఆమె కుమారుడు చేసిన ఫిర్యాదుపై 2018 నవంబర్‌లో అదే కమిటీ కెనడాను మళ్లీ తప్పుపట్టింది. మొదటి ఫిర్యాదుకూ దీనికీ మధ్య నాలుగు దశాబ్దాలు. లవ్‌లేస్ ఈ మధ్యలో, 2005లో, కెనడా సెనేట్ సభ్యురాలయ్యారు.

ఫిర్యాదు చెల్లాలంటే

లవ్‌లేస్ కేసులో మీరు చూసిన ప్రశ్నలే ప్రతి ఫిర్యాదుకూ ఎదురవుతాయి. అసలు విషయంలోకి పోకముందే, స్వీకారార్హత దశలోనే చాలా ఫిర్యాదులు ఆగిపోతాయి.

ఫిర్యాదు రాతపూర్వకంగా, పేరు సంతకంతో ఉండాలి. ఆకాశరామన్న ఉత్తరాలను తీసుకోరు. అయితే ప్రచురించేటప్పుడు పేరు గోప్యంగా ఉంచమని కోరవచ్చు. రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు. ఫిర్యాదుదారు స్వయంగా బాధితుడై ఉండాలి, లేదా బాధితుని తరఫున మాట్లాడే అధికారం కలవారై ఉండాలి. ఒక చట్టం చెడ్డదని, ప్రజలందరి తరఫున ఎవరైనా పంపే ఫిర్యాదు చెల్లదు. మన సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం చూసి అలవాటైన విద్యార్థులకు ఇది కొంచెం వింతగా తోస్తుంది. అదే విషయం మరో అంతర్జాతీయ సంస్థ పరిశీలనలో ఉండకూడదు. మరీ ఆలస్యం కూడా పనికిరాదు. బాలల హక్కుల, ఆర్థిక సామాజిక హక్కుల ప్రోటోకాళ్లలో దేశీయ మార్గాలు ముగిసిన తరవాత ఒక సంవత్సరమే గడువు.

దేశీయ మార్గాల నియమానికి ఒక మినహాయింపు ఉంది. ఆ మార్గాలు అసమంజసంగా సాగదీస్తే, లేదా పనికిరానివైతే, వాటి కోసం వేచి ఉండనక్కరలేదు. బ్రెజిల్‌కు చెందిన అలీన్ ద సిల్వా పిమెంటెల్ కేసు దీనికి మంచి ఉదాహరణ. ఆరు నెలల గర్భిణి అయిన ఈ నల్లజాతి యువతి సకాలంలో సరైన వైద్యం అందక 2002 నవంబర్‌లో మరణించింది. కుటుంబం 2003లో నష్టపరిహారానికి సివిల్ దావా వేసింది. ఏళ్లు గడిచినా తీర్పు రాలేదు. 2007లో ఆమె తల్లి మహిళా వివక్ష నిర్మూలన కమిటీకి ఫిర్యాదు చేసింది. ఆ జాప్యాన్నే కారణంగా తీసుకుని కమిటీ ఫిర్యాదును స్వీకరించింది. మొదట వైద్యం చేసింది ప్రైవేటు ఆసుపత్రి కదా, మా బాధ్యత ఏమిటి అన్న ప్రశ్నకు కూడా 2011 నిర్ణయంలో సమాధానం ఉంది. ప్రైవేటు వైద్య సంస్థలను నియంత్రించి పర్యవేక్షించడం రాజ్యం విధి అని కమిటీ చెప్పింది. ప్రసూతి మరణం విషయంలో ఒక ఒడంబడిక కమిటీ ఒక రాజ్యాన్ని బాధ్యురాలిగా తేల్చడం ఇదే మొదటిసారి.

ఫిర్యాదు నమోదయ్యాక ప్రభుత్వానికి ఆరు నెలల గడువిచ్చి జవాబు అడుగుతారు. ఆ జవాబుపై ఫిర్యాదుదారు వ్యాఖ్యలు పంపుతారు. సాధారణంగా సాక్షుల విచారణ, వాదోపవాదాలు ఉండవు. అంతా కాగితాల మీదే, మూసిన తలుపుల వెనుక జరుగుతుంది. తేలడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా కోలుకోలేని నష్టం జరిగే ప్రమాదముంటే, ఉదాహరణకు ఉరిశిక్ష అమలు, దేశబహిష్కారం వంటివి, అప్పటిదాకా ఆపమని కమిటీ తాత్కాలిక చర్యలు కోరవచ్చు. ఫిలిప్పీన్స్ 1999లో ఇలాంటి అభ్యర్థనను పట్టించుకోకుండా ముగ్గురికి మరణశిక్ష అమలు చేసింది. ఇది ప్రోటోకాల్ కింద బాధ్యతలను తీవ్రంగా ఉల్లంఘించడమేనని కమిటీ 2000లో ప్రకటించింది. కాని చనిపోయినవారికి ఆ ప్రకటన చేయగలిగిందేమీ లేదు.

అభ్యాసం: ఒక తెలుగు విద్యార్థిని ఆస్ట్రేలియాలో చదువుకుంటున్నది. అక్కడి అధికారులు తన హక్కులకు భంగం కలిగించారని ఆమె భావిస్తున్నది. ఆమె భారత పౌరురాలు కాబట్టి, భారత్ ప్రోటోకాల్‌లో లేదు కాబట్టి, ఆమె మానవ హక్కుల కమిటీకి వెళ్లలేదా? ఐదారు వాక్యాలలో రాసి, తరవాత చివరి భాగంతో సరిచూసుకోండి.

అభిప్రాయమా, తీర్పా?

అధికారిక పత్రాలలో 'ఫిర్యాదు' అనరు, 'కమ్యూనికేషన్' అంటారు. 'తీర్పు' అనరు, 'అభిప్రాయాలు' అంటారు. 1966లో రాజ్యాలు ఎంత భయపడుతూ దీనికి ఒప్పుకున్నాయో ఈ మెత్తని మాటలే చెబుతాయి. కమిటీకి పోలీసులు లేరు, జప్తు చేసే అమీనా లేడు. ఉల్లంఘన జరిగిందని తేల్చి, పరిహారం ఏమివ్వాలో సూచించి, తీసుకున్న చర్యలను 180 రోజులలో తెలపమని రాజ్యాన్ని అడుగుతుంది. 1990 నుంచి ఒక సభ్యుడు ఈ అమలును వెంటాడే పని చూస్తున్నారు. ఈ అభిప్రాయాలు న్యాయ నిర్ణయపు ముఖ్య లక్షణాలు కలిగి ఉన్నాయని, వాటిని గౌరవించడం ఒడంబడికలో చేరిన రాజ్యం సద్భావంతో చేయవలసిన పని అని 2008లో తన 33వ సాధారణ వ్యాఖ్యలో కమిటీ పేర్కొంది.

దేశీయ న్యాయస్థానాలు మాత్రం ఒకే దారిన నడవలేదు. శ్రీలంక 1997లో ప్రోటోకాల్‌లో చేరింది. సింగరాస కేసులో, ఉగ్రవాద నిరోధక చట్టం కింద ఒప్పుకోలు పత్రం ఆధారంగా దీర్ఘకాల శిక్ష పడిన తమిళ ఖైదీకి న్యాయమైన విచారణ జరగలేదని కమిటీ 2004లో తేల్చింది. అతడు ఆ పత్రంతో సుప్రీంకోర్టుకు వెళ్లగా, అధ్యక్షుడు ప్రోటోకాల్‌లో చేరడమే రాజ్యాంగ విరుద్ధమని 2006లో న్యాయస్థానం ప్రకటించింది. దీనికి భిన్నంగా స్పెయిన్‌లో గొన్సాలెస్ కారెన్యో కేసు ఉంది. హింసించే తండ్రికి పర్యవేక్షణ లేకుండా కూతురిని చూసేందుకు అనుమతించగా, 2003లో అతడు ఆ పాపను చంపాడు. అంతకు ముందు తల్లి అధికారులకు ఎన్నోసార్లు మొర పెట్టుకుంది. మహిళా కమిటీ 2014లో ఆమె పక్షాన నిర్ణయించింది. స్పెయిన్ సుప్రీంకోర్టు 2018లో ఆ నిర్ణయాన్ని ప్రభుత్వం పాటించి తీరాలని చెబుతూ ఆమెకు 6 లక్షల యూరోల పరిహారం ఇప్పించింది.

కమిటీ అభిప్రాయానికి బలం జెనీవాలో కాక ఆయా దేశాల న్యాయస్థానాలలో, చట్టసభలలో, వీధులలో తయారవుతుందని ఈ కేసులను కలిపి చదివితే తెలుస్తుంది. ఆస్ట్రేలియాలోని టాస్మానియా రాష్ట్రంలో స్వలింగ సంబంధాలను నేరంగా చూసే చట్టంపై నికొలస్ టూనెన్ చేసిన ఫిర్యాదు మరో ఉదాహరణ. 1994లో కమిటీ ఆయన పక్షాన చెప్పింది. టాస్మానియా వినలేదు. కేంద్ర పార్లమెంటు అదే ఏడాది ప్రత్యేక చట్టం చేసింది. 1997లో టాస్మానియా తన చట్టాన్ని రద్దు చేసుకుంది. ఆ అభిప్రాయం సముద్రాలు దాటి మన దేశానికీ వచ్చింది. 2009లో నాజ్ ఫౌండేషన్ కేసులో ఢిల్లీ హైకోర్టు భారత శిక్షాస్మృతి సెక్షన్ 377పై తీర్పు ఇస్తూ టూనెన్ కేసును ప్రస్తావించింది.

భారత పౌరుల పరిస్థితి

భారత్ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో 1979 ఏప్రిల్ 10న చేరింది. జాతి వివక్ష, మహిళలు, బాలలు, వికలాంగుల ఒడంబడికలలోనూ ఉంది. వీటిలో ఏ ఒక్కదాని కింద కూడా వ్యక్తిగత ఫిర్యాదు పద్ధతిని అంగీకరించలేదు. చిత్రహింసల ఒడంబడికపై 1997లో సంతకం చేసింది కాని ధ్రువీకరించలేదు. కాబట్టి భారత ప్రభుత్వంపై ఏ ఒడంబడిక కమిటీకీ వ్యక్తిగత ఫిర్యాదు పంపే వీలు లేదు. మన పొరుగున నేపాల్ 1991లో, శ్రీలంక 1997లో ప్రోటోకాల్‌లో చేరాయి. బంగ్లాదేశ్ మహిళల ఒడంబడిక ప్రోటోకాల్‌ను 2000లో ధ్రువీకరించింది. మన రాజ్యాంగం 32, 226 అధికరణల ద్వారా బలమైన పరిష్కారాలు ఇస్తున్నది కాబట్టి బయటి ఫిర్యాదు అనవసరమని కొందరు వాదిస్తారు. ఈ వాదన పూర్తిగా నిలవదు. దేశీయ మార్గాలు బలంగా ఉన్నచోట, వాటిని దాటి జెనీవా చేరే కేసులే తక్కువగా ఉంటాయి. తలుపు తెరిచి ఉంచడంలో అప్పుడు నష్టమేమిటి?

ఇక అభ్యాసం సంగతి. ఫిర్యాదుకు పౌరసత్వం ముఖ్యం కాదు, ఎవరి అధికార పరిధిలో ఉన్నారన్నది ముఖ్యం. ఆస్ట్రేలియా 1991లో ప్రోటోకాల్‌లో చేరింది. అక్కడి దేశీయ మార్గాలు ముగించుకుని ఆ విద్యార్థిని ఆస్ట్రేలియాపై ఫిర్యాదు చేయవచ్చు. ఇందుకు నిజమైన ఉదాహరణ ఉంది. ఫ్రాన్స్‌లో శరణార్థిగా ఉన్న ఒక వృద్ధ సిక్కు భారతీయుణ్ణి నివాస అనుమతి పత్రంపై ఫొటోకు తలపాగా తీయమన్నారు. ఆయన ఫిర్యాదుపై 2011లో కమిటీ మతస్వేచ్ఛ ఉల్లంఘన జరిగిందని చెప్పింది. తలపాగా ఉన్న ప్రతి ఫిర్యాదూ గెలవదని కూడా తెలుసుకోండి. రక్షణ టోపీ పెట్టుకోనందుకు ఉద్యోగం పోయిన సిక్కు రైల్వే కార్మికుని కేసులో 1989లో కమిటీ కెనడా పక్షానే నిలిచింది.

అదే విద్యార్థిని అమెరికాలో ఉంటే ఈ కమిటీ తలుపు ఆమెకు మూసే ఉంటుంది. ఉభయ తెలుగు రాష్ట్రాల నుంచి కూలికి, ఇంటిపనికి వెళ్లినవారు ఉండే సౌదీ, కువైట్, ఎమిరేట్స్, కతార్, బహ్రెయిన్, ఒమన్ దేశాలలో ఒక్కటీ ఈ ప్రోటోకాల్‌లో లేదు. జీతం ఎగ్గొట్టిన యజమానిని, పాస్‌పోర్టు లాక్కున్న కఫీల్‌ను చూసీ చూడనట్టు వదిలేసిన ప్రభుత్వంపై మానవ హక్కుల కమిటీకి రాసే దారి అత్యంత అవసరమైన వీరికే అందుబాటులో లేదు.

దేశంలో ఉన్నవారికి మిగిలిన మార్గాలు కొన్ని ఉన్నాయి. ఒడంబడికతో నిమిత్తం లేకుండా ఏ దేశస్థుల కేసునైనా చూసే ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధులు, నిర్హేతుక నిర్బంధాలపై కార్యబృందం వంటివి ఉన్నాయి. ఈ కార్యబృందానికి రాయడానికి దేశీయ మార్గాలు ముగించి ఉండాలన్న షరతు కూడా లేదు. దేశం లోపల, 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 2 మానవ హక్కుల నిర్వచనంలోనే అంతర్జాతీయ ఒడంబడికలను చేర్చింది. విశాఖ కేసులో 1997లో సుప్రీంకోర్టు మహిళల ఒడంబడికను ఆధారం చేసుకుని పనిచేసేచోట లైంగిక వేధింపులపై మార్గదర్శకాలు ఇచ్చింది. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఘటన జరిగిన ఏడాదిలోగా, రుసుము లేకుండా, తెలుగులోనే ఫిర్యాదు రాయవచ్చు. అయితే ఆ కమిషన్ ఇచ్చేవి కూడా సిఫార్సులే.